ఈశాన్యం మూల గుల్లల దిబ్బ

ముందే చెప్పేస్తే మంచిది. నాకు రాయడం చేతకాదు. ఐదో తరగతి దాటలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ గాబరాయే. ఇన్నేళ్ళలో నేను రాసిందల్లా అమ్మకి ఉత్తరాలు, కొట్టుకి చీటీలు. మా సియాటిల్ వైపు తెలుగు ఆడవాళ్ళందరూ తమ సంగతులు రాసి ఒక పుస్తకం వేస్తున్నారట. నన్నూ రాయమని ఒకావిడ ఫోన్ చేస్తే, "నా రాత చూస్తే నవ్వుతారమ్మా" అన్నాను. "మాట్లాడినట్టే రాసెయ్యండి, మేం దిద్దుకుంటాం" అంది. ఎంత దిద్దారో మరి. చదువుతుంటే ఎక్కడైనా రాయి తగిలినట్టు అనిపిస్తే అది నా తప్పే, కాస్త పక్కకి తప్పుకుని ముందుకెళ్ళండి.

ఇంకో మాట. అందరూ ఈ దేశంలో తొలి మంచు చూసిన రోజు, పిల్లల బడి, వంటలు, అలాంటివి రాస్తారని విన్నాను. నాకు అవేవీ రావట్లేదు. కలం పట్టుకుంటే కోపమే వస్తోంది. మా ఆయన వంటవాడు. "నీ కోపం నా కూరల్లో పడి ఉప్పెక్కువైపోతంది. కాయితం మీద ఎయ్యి" అన్నాడు. అందుకని కాయితం మీదే వేస్తున్నాను.

మేం భీమిలి అవతల ఒక జాలరి పల్లెలో పుట్టాం. సియాటిల్ దగ్గర ఒక తెలుగు హోటల్ వాళ్ళు మా ఆయన్ని వంటకి తీసుకొస్తే వచ్చాం. ఆ హోటల్ మూతపడ్డాక, పడమటి సముద్రం ఒడ్డున ఈ చిన్న ఊరికి చేరాం. ఆయనకి హార్బర్‌లో చేపల రెస్టారెంట్‌లో పని. నాకు మోటెల్‌లో గదులు తుడిచే పని.

ఈ ఊళ్ళో ఒకటే పెద్ద వీధి. కానీ బోర్డులు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి. గోధుమరంగు చెక్క మీద తెల్ల అక్షరాలు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను కాబట్టి ఒక్కో బోర్డుకి నాకు చాలాసేపు పడుతుంది. ఇది తొలి కుటుంబం కట్టుకున్న ఇల్లు. ఇది తొలి పోస్టాఫీసు. ఇది తొలి రంపపు మిల్లు ఉన్న చోటు. ఒక గొడ్ల సావిడి ఉంది, సగం ఒరిగిపోయింది, దాని చుట్టూ తాడు కట్టి తాకవద్దని రాశారు. ఎండాకాలంలో పాతకాలం గౌన్లు, టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు టూరిస్టుల్ని వెంటేసుకుని ఆ సావిడి చూపిస్తారు. ఆ గడ్డీ గాదం ముందు జనం నోళ్ళు తెరుచుకుని నిలబడతారు.

అన్నీ తొలివే. మరి ఆ తొలివాళ్ళకి ముందు ఎవరూ లేరా అంటే, హార్బర్ దగ్గర పెద్ద బోర్డులో కింద ఒక ముక్క ఉంది: "అంతకు పూర్వం ఈ తీరంలో ఆదివాసులు నివసించేవారు." నివసించేవారట! ఆ ఒక్క మాటతో వాళ్ళని పంపించేశారు. గిఫ్ట్ షాపు ముందు ఈకల కిరీటం పెట్టిన చెక్కబొమ్మ ఒకటి నిలబెట్టారు. పిల్లలు దాని ముక్కు పట్టుకుని ఫోటోలు దిగుతారు.

ఆ నివసించేవాళ్ళలో ఒకావిడ మా మోటెల్ లాండ్రీలో నాతోపాటు రోజూ దుప్పట్లు మడతపెట్టేది. పేరు రాయను. నాకంటే పెద్దది, మనిషి భారీ, నవ్వితే డ్రయర్ చప్పుడు కూడా వినపడదు. నన్ను "హనీ" అనేది. నేను అక్కా అనేదాన్ని. అలా అంటే ఏంటని అడిగింది, చెప్పాను. "అయితే నేను చెప్పినట్టు వినాలన్నమాట" అంది. "మా ఊళ్ళో ఎవరూ వినరు" అన్నాను. "మా ఊళ్ళోనూ అంతే" అంది.

మోటెల్ తెలుగువాళ్ళదే. యజమాని రిటైరైన గుండె డాక్టరు, ఎప్పుడో కుర్రతనంలో వచ్చి స్థిరపడ్డ మనిషి. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉంటారు, శనాదివారాలు భార్యాభర్తలు వచ్చి చూసుకుని వెళతారు. మంచివాళ్ళు కాదని అనను. పండక్కి చీర పెట్టేవారు. నాకు పంటి నొప్పి వస్తే డాక్టర్ గారే కారులో తీసుకెళ్ళారు. వాళ్ళని చూసి బాతెల్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా బీచ్ చూడ్డానికి వచ్చి మా మోటెల్‌లోనే దిగేవారు.

మోటెల్ వెనకాల, వాగు పక్కన ఒక దిబ్బ. మనిషెత్తు కంటే ఎక్కువే. పైన గడ్డి, బ్లాక్‌బెర్రీ ముళ్ళు. కుందేళ్ళు బొరియలు తవ్వితే లోపల్నించి తెల్లగా గుల్లలూ ఆల్చిప్పలూ పొడై పడేవి. మొదట్లో నేను, ఎవరో హోటల్ వాళ్ళు ఏళ్ళ తరబడి పారబోసిన చెత్త అనుకున్నాను. ఒకరోజు భోజనం వేళ ఆ మాటే అక్కతో అంటే, ఆవిడ శాండ్‌విచ్ కిందపెట్టింది.

"చెత్త కాదు హనీ. అది మా ఊరు."

అర్థం కాలేదు. ఆవిడే మెల్లగా, నాకు అందేటట్టు చిన్న చిన్న మాటల్లో చెప్పింది. ఆ వాగు ఒడ్డున వాళ్ళవాళ్ళ ఇళ్ళు ఉండేవట. తరాల తరబడి తిన్న గుల్లలు అక్కడే పోసేవాళ్ళట, పోసి పోసి నేలే లేచింది. ఆ గుల్లల్లోనే వాళ్ళ చచ్చిపోయినవాళ్ళని కూడా పెట్టారు. తర్వాత వాళ్ళని అక్కణ్ణించి తరిమేశారు. దిబ్బ మాత్రం ఉండిపోయింది. వాళ్ళమ్మమ్మ చిన్నప్పుడు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చేదట. "మా అమ్మమ్మ వాళ్ళమ్మ అందులో ఉంది" అంది. ఏడాదికోసారి ఆవిడ అక్కడికి వెళుతుంది. అక్కడ ఏం చేస్తుందో నాకు తెలుసు కానీ రాయను. రాయొద్దంది.

అప్పట్నుంచీ నేను ఆ పక్క చెత్త సంచి కూడా పెట్టేదాన్ని కాదు.

ఓసారి బాతెల్ పిల్లలు వచ్చి వెనకాల కుర్చీలేసుకుని కూర్చున్నారు. నేను తువ్వాళ్ళు ఇస్తుంటే ఒకమ్మాయి అడిగింది. "ఆంటీ, ఇక్కడ రెడ్ ఇండియన్స్ ఉండేవాళ్ళంట కదా?"

"ఇప్పుడూ ఉన్నారమ్మా. మన లాండ్రీలో పనిచేసే ఆవిడ వాళ్ళే."

"సీరియస్‌లీ? రిజర్వేషన్‌లో ఉండరా మరి?"

ఒకబ్బాయి అందుకున్నాడు. "ఏంట్రా, ఇక్కడ కూడా రిజర్వేషన్లేనా? మనకి తప్పవారా బాబూ!"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ పిల్ల అడిగింది ఆదివాసులకి విడిగా కేటాయించిన నేల గురించి, వాడు నవ్వింది మన కాలేజీ సీట్ల గురించి. మా చెల్లెలి కొడుకు ఆ రిజర్వేషన్‌లోనే సీటు తెచ్చుకుని చదువుకున్నాడు. నేను తువ్వాళ్ళు లెక్కపెట్టినట్టు నటించి లోపలికొచ్చేశాను.

ఆ చలికాలం వానలు విపరీతంగా పడ్డాయి, గదులు నిండలేదు. డాక్టర్ గారి భార్య, మా మేడం, దిగులుపడి విజయవాడలో ఒక వాస్తు సిద్ధాంతి గారిని ఫోన్‌లో పట్టుకున్నారు. వీడియో పెట్టి మోటెల్ చుట్టూ తిప్పి చూపించాలట. మేడం ఫోన్ పట్టుకుని ముందు, నేను ఆవిడకి గొడుగు పట్టుకుని పక్కన, డాక్టర్ గారు వెనకాల. రిసెప్షన్ చూపించారు, మెట్లు చూపించారు, వెనక్కి వచ్చారు.

"ఆగండమ్మా, ఆగండి. ఆ మూల ఎత్తుగా ఉందేంటి?"

"ఏదో మట్టి దిబ్బండీ. ముళ్ళకంపలు."

"ఏ దిక్కు?"

డాక్టర్ గారు తన ఫోన్‌లో దిక్కులు చూసి, "ఈశాన్యం" అన్నారు.

అవతల ఆయన నాలిక చప్పరించడం మా ముగ్గురికీ వినపడింది. "ఇంకేం కావాలండీ? ఈశాన్యం నెత్తిన కొండ పెట్టుకుని గదులు నిండట్లేదంటే ఎలా నిండుతాయి? ఈశాన్యం పల్లంగా ఉండాలి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. మీది తిరగబడింది."

"మరేం చెయ్యమంటారు?"

"తీయించెయ్యడమే. ఆ మట్టి బయట పడెయ్యకండి, నైరుతిలోనే పోయించండి. రెండు పన్లూ ఒకేసారి అవుతాయి. ఆ దిబ్బలో ఇంకా ఏదో ఉన్నట్టు నాకు అనుమానంగానే ఉంది."

నైరుతిలో మా మోటెల్‌కి ఏముందో నాకు తెలుసు. రోజూ వెళ్ళేదాన్ని కదా. చెత్త డబ్బాలు.

నేను వాస్తు నమ్మనిదాన్నేం కాదు. తూర్పు గుమ్మం లేని ఇంట్లోకి దిగేముందు నేనూ నిమ్మకాయ కోసినదాన్నే. కానీ ఆ మాటకి మాత్రం ఊరుకోలేకపోయాను. మేడంతో అన్నాను, "మేడం, అది మట్టి కాదు. ఇక్కడివాళ్ళ పెద్దలది."

"ఎవరిదైతే ఏంటమ్మా? కొన్నది మనం" అన్నారావిడ. కోపంగా కాదు, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు.

అక్కకి చెప్పాను. ఆవిడ ఆ రోజే ఏప్రన్ విప్పేసి, జుట్టు సరిచేసుకుని ఆఫీసు గదికి వెళ్ళింది. నేను నేల తుడిచే వంకన వెంట వెళ్ళాను. డాక్టర్ గారు లేచి కుర్చీ చూపించారు, మంచినీళ్ళ సీసా ఇచ్చారు. అక్క చెప్పాల్సింది చెప్పింది. అక్కడ మావాళ్ళున్నారు, మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఉంది, దయచేసి దాన్ని కదపకండి అంది. అంత పెద్ద మనిషి, గొంతు అంత చిన్నది చేసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"మీ సంస్కృతి అంటే నాకు చాలా గౌరవం" అన్నారు డాక్టర్ గారు ఇంగ్లీషులో. "మాదీ ప్రాచీన సంస్కృతే. నేను తప్పకుండా ఆలోచిస్తాను."

అక్క మొహం తేటపడింది. ఆయన అదే నవ్వుతో మేడం వైపు తిరిగి తెలుగులో అన్నారు.

"విన్నావా? శ్మశానమంట."

"అయ్యో రామ! శవాల పక్కన పెట్టామా వ్యాపారం?"

"సిద్ధాంతి గారు అనుమానించింది ఇదే. శల్యదోషం. నేలలో ఎముకలుంటే తియ్యకుండా వదిలెయ్యకూడదు. శనివారం ముహూర్తం ఉందేమో కనుక్కో. ఈవిడ వెళ్ళి ఎవరికో కంప్లైంట్ పెట్టేలోపు పని అయిపోవాలి."

"నవ్వుతూ చెప్పండి, చూస్తోంది."

"నవ్వుతూనే చెబుతున్నా కదే."

నేను అక్కడే ఉన్నాను, చేతిలో మాప్ కర్ర. నా ముందు మాట దాచుకోవాలని కూడా వాళ్ళకి తోచలేదు. తెలుగుదాన్ని కాబట్టి వాళ్ళ మనిషిననుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఎముకలున్నాయని వింటే ఎవరైనా ఆగుతారని అనుకున్నాను. మా పల్లెలో తాగుబోతు కూడా సమాధి తొక్కితే చెప్పు విప్పి దణ్ణం పెట్టుకుంటాడు. వీళ్ళు ఆ మాట వినే ఇంకా తొందరపడ్డారు!

లాండ్రీకి వచ్చాక అక్క అడిగింది. "చివర్లో ఏమన్నారు?"

చెప్పేశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో. శనివారం మిషన్ వస్తుంది. ఎముకలు ఉంటే మావాళ్ళకి చెడు జరుగుతుందని భయం. అందుకే తీసేస్తారు. తీసి చెత్త డబ్బాల దగ్గర పోస్తారు.

అక్క డ్రయర్ ఆపేసింది. "మరి మీవాళ్ళు చచ్చిపోతే ఎక్కడ పెడతారు?" అని అడిగింది.

డాక్టర్ గారివాళ్ళు కాలుస్తారు, మా ఇళ్ళలో పూడుస్తాం అన్నాను. మా అమ్మని పల్లె వెనకాల ఇసక మెట్ట మీద పూడ్చాం. ఉత్తరాలు రాసేదాన్నని చెప్పానే, ఆ అమ్మనే. తర్వాత అక్కడ ఒక బీచ్ రిసార్ట్ వచ్చింది. మెట్ట చుట్టూ ప్రహరీ కట్టేశారు. పెద్దలకి పెట్టుకునే రోజున మా చెల్లి ఆకులో అన్నం పట్టుకుని వెళ్ళి, గేటు దగ్గర వాచ్‌మన్ని బతిమాలుకోవాలి. ఒక్కోసారి పంపుతాడు, గెస్టులుంటే పంపడు. ఇదంతా ఎంత చెప్పగలిగానో తెలీదు. చెయ్యి ఊపి, గోడ చూపించి, ఎలాగో చెప్పాను. అక్క నా తల మీద చెయ్యి పెట్టి, ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళింది, వాళ్ళ తెగ ఆఫీసుకి ఫోన్ చెయ్యడానికి.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను.

"నీకెందుకే? అది ఆళ్ళ గొడవ. ఉద్యోగం ఊడిపోద్ది" అన్నాడు.

"ఊడిపోనీ."

"ఏటే, ఊడిపోనీ అంటావు? పంటి నొప్పికి ఎవులు తీసుకెళ్ళారు నిన్ను?"

"మా అమ్మని పెట్టిన కాడ గోడ లేపినప్పుడు కూడా ఊళ్ళో అందరూ ఇదే మాటన్నారు. మనకెందుకు అన్నారు. నువ్వూ అన్నావు."

ఆయన గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. అటు తిరిగే, "శనివారం పూజకి పులిహోర కలపమని నాకు ఫోన్ సేసారు డాక్టర్ గారు" అన్నాడు.

"కలుపుతావా?"

"సెయ్యి బాగోలేదని సెప్పేత్తాను. ఏటీ, అలగ సూడకు. నాకు నిజంగానే సెయ్యి లాగుతంది."

శనివారం పొద్దున్నే తుంపర. జేసీబీ వచ్చింది, నడిపేది ఒక తెల్లాయన. బాతెల్ నుంచి నాలుగైదు కార్లలో జనం దిగారు, పట్టుచీరల మీద రెయిన్ కోట్లు. పంతులు గారు వచ్చారు. దిబ్బ ముందు పీట వేసి పసుపు గణపతిని పెట్టారు. అక్క, వాళ్ళ చిన్నాన్న, వాళ్ళ పిన్ని పాత పికప్ ట్రక్కులో వచ్చి దిబ్బకి అడ్డంగా నిలబడ్డారు. అరవలేదు, తిట్టలేదు. ఊరికే నిలబడ్డారు. తెగ ఆఫీసు నుంచి మనుషులు బయల్దేరారు, దూరం, రావడానికి టైం పడుతుంది. మిగతా గవర్నమెంట్ ఆఫీసులకి సెలవు. సోమవారం దాకా ఫోన్ ఎత్తే దిక్కు లేదు.

డాక్టర్ గారు పోలీసుకి ఫోన్ చేశారు. వచ్చినాయన రెండువైపులా విన్నాడు. డాక్టర్ గారు చాలా మర్యాదగా, చాలా మంచి ఇంగ్లీషులో, ఇది ప్రైవేట్ ప్రాపర్టీ, వీళ్ళలో ఒకావిడ నా దగ్గర పనిచేసే మనిషి, కష్టంలో ఉందని పని ఇచ్చాను, అన్నారు. పోలీసాయన ఆ ముగ్గురితో, రోడ్డు అవతల నిలబడండి, లేకపోతే ఇబ్బంది అవుతుంది అన్నాడు. వాళ్ళ అమ్మమ్మల మీద నుంచి వాళ్ళని రోడ్డు అవతలికి పంపాడు! వాళ్ళు వెళ్ళారు. అలా వెళ్ళడం వాళ్ళకి అలవాటే అన్నట్టు వెళ్ళారు.

నేను పంతులు గారి దగ్గరికి వెళ్ళాను. "పంతులు గారూ, ఈ కింద మనుషులున్నారండీ."

"తెలుసమ్మా, చెప్పారు. శాంతి మంత్రాలు కూడా కలిపే చదువుతున్నాను. దోషం అంటదు."

"ఎవరికి అంటదండీ?"

ఆయన కొబ్బరికాయ పీచు లాక్కుంటూ కూర్చున్నారు.

"ఏమ్మా, నువ్వు వెళ్ళి కాఫీలు చూడు" అన్నారు మేడం.

"చూడను మేడం."

ఆవిడ నేను నిజంగానే ఆ మాట అన్నానా అన్నట్టు చూశారు. అప్పటికి కొబ్బరికాయ కొట్టారు. జేసీబీ కదిలింది.

మొదటి తొట్టి నిండా గడ్డి, ముళ్ళు, నల్లమట్టి, తెల్ల గుల్లలు. అది తీసుకెళ్ళి చెత్త డబ్బాల పక్కన గుమ్మరించింది. గుల్లలు సిమెంటు మీద పడితే గలగలమని చప్పుడు. రోడ్డు అవతల పిన్ని గారు మొహం కప్పుకున్నారు. ఇంకో తొట్టి. ఇంకోటి. తర్వాత దిబ్బ పక్క నుంచి ఇంత మేర జారిపోయింది. ఆ జారిన చోట గోధుమరంగుగా, గుండ్రంగా ఒకటి కనపడింది. అదేంటో నాకు తెలిసింది. చూసిన అందరికీ తెలిసింది. జేసీబీ ఆయన ఇంజను ఆపేసి, కిందకి దిగి, టోపీ తీసేశాడు.

వచ్చినవాళ్ళ చిన్నపిల్ల ఒకటి ఇంగ్లీషులో, "ఆంటీ, ఈజ్ దట్ డైనోసార్?" అని నన్ను అడిగింది.

మేడం గుండెల మీద చెయ్యి పెట్టుకుని భర్త వైపు తిరిగారు. కళ్ళు మెరుస్తున్నాయి. "చూశారా? శల్యం! అక్కడ కూర్చుని సిద్ధాంతి గారు ఎలా చెప్పారో చూశారా!"

మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది జరిగింది. ఒక మనిషి పుర్రె వానలో బయటపడితే, మనవాళ్ళు సిద్ధాంతి గారి గొప్పతనానికి దణ్ణం పెట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి ఫోటోలు కూడా తీశారు. నేను అరిచాను. "ఫోన్లు దించండి! మీ అమ్మమ్మ అయితే తీస్తారా?" అని అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలీదు. పట్టుచీరలన్నీ వెనక్కి జరిగాయి.

అక్క వాళ్ళ చిన్నాన్న రోడ్డు దాటి వచ్చారు. ఈసారి పోలీసాయన ఆపలేదు. ఆయన కోటు విప్పి దాని మీద కప్పి, వానలో చొక్కాతో అక్కడే కూర్చున్నారు. ఎముక కనపడితే పని ఆపాలని ఇక్కడ చట్టం ఉందట. పోలీసాయన అప్పుడు ఫోన్ తీశాడు. అంతకుముందు మనుషులు నోటితో చెబితే వినని చట్టానికి ఎముక కనపడితేనే చెవులొచ్చాయి.

మధ్యాహ్నానికి తెగవాళ్ళు వచ్చారు. తర్వాత చాలా రోజులు నీలం టార్పాలిన్లు కట్టి ఉన్నాయి. చెత్త డబ్బాల పక్కన పోసిన మట్టిని వాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో, జల్లెడలతో వెతుక్కున్నారు. దొరికినవాళ్ళని మళ్ళీ దిబ్బలోకి చేర్చే రోజున నేను కూడా మట్టి మొయ్యనా అని అక్కని అడిగాను. "వద్దు హనీ, ఇది మేం చేసుకోవాల్సింది" అంది. మనసు చివుక్కుమంది, దాచడమెందుకు. కానీ ఆవిడ మాట సరైనదే. కంచె ఇవతల నిలబడి తల దించుకున్నాను.

అక్కా నేనూ ఇద్దరం మోటెల్ పని మానేశాం. నన్ను తీసేశారో నేనే మానేశానో, రెండూ ఒకే రోజు జరిగాయి. ఇప్పుడు మా ఆయనతోపాటు చేపలు కోస్తున్నాను. అక్క ఊరి బడిలో వంటకి కుదిరింది. డాక్టర్ గారు ఏదో ఫైన్ కట్టారని విన్నాను.

ఇంతటితో అయిపోతే నా కోపం కూడా చల్లారేదేమో. పోయిన వేసవిలో దిబ్బ ముందు బోర్డు లేచింది. అదే గోధుమరంగు చెక్క, అవే తెల్ల అక్షరాలు. ఊరి చరిత్ర సంఘంవాళ్ళు, డాక్టర్ గారు కలిసి పెట్టించారు. చాలాసేపు నిలబడి కూడబలుక్కుని చదివాను. "మోటెల్ విస్తరణ పనుల్లో యజమానులు కనుగొన్న ప్రాచీన స్థలం. వారి సహకారంతో భద్రపరచబడింది." కనుగొన్నారట! గదులకి ఇప్పుడు గిరాకీ బాగుంది, చారిత్రక స్థలం పక్కనే అని ప్రకటన కూడా ఇస్తున్నారు. బోర్డు తెరిచే రోజున అక్కని వాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో వచ్చి నాలుగు మాటలు దీవించమని అడిగారు. "ఆ రోజు నాకు బట్టలు ఉతుక్కునే పనుంది" అని చెప్పిందట.

నేను వెళ్ళాను. కేకు కోశారు, బాతెల్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ముందుకెళ్ళి తెలుగులోనే అడిగాను. "డాక్టర్ గారూ, శల్యదోషం సంగతి కూడా ఆ బోర్డు మీద రాయించాల్సింది కదండీ?"

ఆయన నవ్వుతూనే నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. "అందరి ముందూ ఏంటమ్మా ఇది? పదిమంది తెల్లవాళ్ళున్నారు. తెలుగువాళ్ళ పరువు తియ్యకు."

"అయితే చెత్త డబ్బాలైనా జరిపించండి."

అసలు సంగతి అది. ఆ వానల్లో కొంత మట్టి చెత్త లారీ చక్రాల కింద నలిగి నేలలో కలిసిపోయింది. అందరూ దొరికారా అని అక్కని అడిగితే, "తెలీదు" అంటుంది. ఆ చెత్త డబ్బాలు పక్కకి జరిపి అక్కడ కూడా వెతుక్కోనివ్వమని తెగవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. డాక్టర్ గారు జరపరు. ఎందుకో తెలుసా? నైరుతి బరువుగా ఉండాలి.

ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామంది ఆ మోటెల్‌లో దిగేవాళ్ళే. మీరు నాకంటే చదువుకున్నవాళ్ళు, డాక్టర్ గారికి మీ మాటంటే గురి. ఈసారి వెళ్ళినప్పుడు బోర్డు ముందు ఫోటో దిగకపోయినా పర్లేదు. పార్కింగ్ చివరికి వెళ్ళి చూడండి, రిసెప్షన్‌కి వచ్చి ఆ డబ్బాలు ఎప్పుడు జరుపుతారని అడగండి. అందరూ అడిగితే జరుపుతారు. మేం అడిగితే జరపలేదు.

ఒత్తులు పోయినచోట, మాట తప్పుగా పడినచోట మన్నించండి. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కోప్పడ్డందుకు మాత్రం మన్నించమని అడగను.